మద్దెల బాగానే ఉంది

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. మావాడొకడు ఉండే డల్లాస్‌లో అప్పుడు పొద్దున పదకొండు. ఆడుతూ మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో నలుగురం చేరాం. ముగ్గురు అప్పుడే లాబీలోకి వెళ్లి గెంతుతున్నారు. నా తెర మీద మాత్రం చిన్న డబ్బాలో "వల్కన్ షేడర్లు తయారవుతున్నాయి, 41 శాతం" అన్న ముక్క కదలకుండా కూర్చుంది.

"రేయ్, వస్తున్నావా లేదా?"

"షేడర్లు ఉడుకుతున్నాయిరా. రెండు నిమిషాలు."

"ఎన్ని విజిల్స్ రావాలిరా నీ కుక్కర్‌కి?"

ఈ జోకుకి మూడేళ్లు. ఇప్పటికీ ప్రతిసారీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. షేడర్లంటే బొమ్మని ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డ్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములు. ఆ డబ్బా కింద "స్కిప్" అనే బటన్ ఉంటుంది, నొక్కొచ్చు. నొక్కితే ఏమవుతుందంటే, మ్యాచ్‌లో మొదటి గ్రెనేడ్ పేలగానే ఆ పొగని ఎలా గీయాలో నా గ్రాఫిక్స్ కార్డ్ అప్పుడు నేర్చుకోవడం మొదలెడుతుంది. అర సెకను తెర బిగుసుకుపోతుంది. అది విడిచేసరికి నేను చచ్చిపోయి, పైనుంచి నా శవాన్ని చూస్తుంటాను. అందుకే ఉడకనిస్తాను.

విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆడేవాడికి ఈ రోజుల్లో మిగిలిన సాంకేతిక కష్టం దాదాపు ఇంతే. నిజంగా ఇంతే. మిగతా కష్టాలు వేరే రకం, వాటి గురించే ఈ పోస్టు.

కాస్త వెనక్కి వెళ్తాను. 2005లో విజయవాడ పటమటలో మా కాలేజీ బస్సు ఆగే చోట ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి పదిహేను రూపాయలు. పన్నెండు కంప్యూటర్లు, ఒక్క ఫ్యాను, అదీ ఓనర్ అన్న వైపే తిరిగేది. నెట్ కోసం వచ్చేవాళ్లు తక్కువ, కౌంటర్ స్ట్రైక్ 1.6 కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఇంటర్నెట్ పోయినా ఆట ఆగేది కాదు, ఎందుకంటే అందరి ఆటనీ కలిపి నడిపే సర్వర్ ఆ గదిలోనే మూలన ఉన్న కంప్యూటర్. ఒకరోజు ఎవడో కొత్తవాడు గోడల్లోంచి మనుషులు కనపడే హ్యాక్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు. డస్ట్ 2 అనే మ్యాప్‌లో తలుపుల వెనక ఎవరు నక్కినా వాడికి తెలిసిపోతోంది. అన్న నెమ్మదిగా వెనక నిలబడి ఒక రౌండంతా వాడి మానిటర్ చూశాడు. నెత్తి మీద మొట్టికాయ ఒకటి వేసి, మిగిలిన అరగంటకి ఏడున్నర లెక్కగట్టి చేతిలో పెట్టి, బయటికి పంపేశాడు. ఇరవై ఏళ్లలో నేను చూసిన యాంటీ చీట్‌లలో, అంటే మోసగాళ్లని పట్టే ఏర్పాట్లలో, అంత పక్కాగా పనిచేసింది ఇంకోటి లేదు.

లినక్స్ నాకు పోస్టులో వచ్చింది. 2007లో ఉబుంటూ అనే లినక్స్ రకం వాళ్లు అడ్రస్ ఇస్తే చాలు, పైసా తీసుకోకుండా సీడీ పంపేవాళ్లు. విదేశీ స్టాంపు ఉన్న కవరు చూసి పోస్ట్‌మ్యాన్ "మీవాళ్లెవరన్నా బయట ఉన్నారా బాబూ?" అని అడిగాడు. మా అమ్మ అయితే ఏదో ఉద్యోగం ఆర్డరే అనుకుంది. వేసుకున్నాను, నచ్చింది, కానీ ఆటల సంగతికొస్తే పరమ దరిద్రం. వైన్ అని ఒకటి ఉండేది, 1993 నుంచీ ఉంది, విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్ మీద నడిపించడానికి. దాని మీద 1.6 నడిచేది కానీ మౌస్ ఒకవైపు లాగేసేది. సౌండ్ వస్తే బొమ్మ రాదు, బొమ్మ వస్తే సౌండ్ రాదు. అలా పదకొండేళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను: చదువుకీ ఉద్యోగానికీ లినక్స్, ఆటకి విండోస్. రెండిళ్ల కాపురం.

2013 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీ నడిపే ఆటల దుకాణం స్టీమ్ లినక్స్‌కి వచ్చింది. పండగ చేసుకున్నాం కానీ ఆటలు తక్కువ. అసలు మలుపు 2018 ఆగస్టు 21. వాల్వ్ వాళ్లు వైన్‌ని తీసుకుని, దానికి డీఎక్స్‌వీకే అనే తర్జుమా పొరని జోడించి, ప్రోటాన్ అని పేరుపెట్టి స్టీమ్‌లోనే పెట్టేశారు. విండోస్ ఆట డైరెక్ట్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ గ్రాఫిక్స్ భాషలో మాట్లాడితే డీఎక్స్‌వీకే దాన్ని లినక్స్‌లోనూ నడిచే వల్కన్ భాషలోకి మార్చి కార్డ్‌కి చెబుతుంది. ఆ పొరని రాయడం మొదలుపెట్టింది ఫిలిప్ రెబోలె అనే ఒక్క జర్మన్ కుర్రాడు. ఆ వారాంతం నేను కొత్త ఆటేమీ ఆడలేదు. ఉన్నవన్నీ ఒక్కొక్కటీ ఇన్‌స్టాల్ చేసి, మెయిన్ మెనూ వచ్చిందా లేదా చూసి, మూసేసి, ఇంకోటి. పిచ్చివాడిలా పొద్దున నాలుగింటి దాకా. ఆ సోమవారం విండోస్ పార్టిషన్ తీసేశాను.

ఇప్పుడు స్టీమ్ నెలనెలా వేసే లెక్కలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో మూడు శాతం దాటింది. మూడే కదా అంటారు. మేం ఒక శాతం కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా చూశాం, మాకు తెలుసు.

మరి కష్టం ఎక్కడ?

ఒంటరిగా ఆడే ఆటలు దాదాపు అన్నీ నడుస్తాయి. కలిసి ఆడే వాటి దగ్గరే గేటు మూసుంటుంది. నడవక కాదు, నడవనివ్వక. ఈ తేడా చాలామందికి తెలియదు. ఈజీ యాంటీ చీట్, బాటిల్‌ఐ, ఈ రెండూ పెద్ద ఆటల్లో ఎక్కువగా వాడే కాపలా సాఫ్ట్‌వేర్లు. 2021 సెప్టెంబర్‌లోనే ఈ రెండూ ప్రోటాన్ మీద పనిచేస్తామని ప్రకటించాయి. కానీ ఆట తయారుచేసినవాళ్లు "సరే" అనాలి. ఎల్డెన్ రింగ్ వాళ్లు అన్నారు, 2022లో వచ్చిన దగ్గర్నుంచీ నడుస్తోంది. జీటీఏ ఆన్‌లైన్‌కి 2024 సెప్టెంబర్‌లో బాటిల్‌ఐ తగిలించారు. అప్పటిదాకా లినక్స్‌లో హాయిగా తిరుగుతున్నవాళ్లు రాత్రికి రాత్రి బయట. అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది ఫోర్ట్‌నైట్. దాని యజమాని ఎపిక్. ఈజీ యాంటీ చీట్ యజమానీ ఎపిక్కే. అందరి ఆటలకీ లినక్స్ దారి తెరిచి, సొంత ఆటకి తలుపేసుకున్నారు. ఊరందరికీ మజ్జిగ పోసి ఇంట్లో పిల్లాడికి మంచినీళ్లతో సరిపెట్టినట్టు.

2024 అక్టోబర్ 31న అపెక్స్ లెజెండ్స్ కూడా లినక్స్‌ని ఆపేసింది. మోసగాళ్లకి లినక్స్ ఒక దారి అయిందన్నది వాళ్ల కారణం. ఇక్కడ నేను మొండిగా వాదించను. ఆ మాటలో నిజం ఉంది. లినక్స్‌లో కెర్నెల్‌ని, అంటే కంప్యూటర్ మొత్తాన్ని నడిపే అడుగు పొరని, నేనే మార్చుకుని నేనే కట్టుకోవచ్చు. నా కంప్యూటర్ నా మాట వింటుంది. ఆట కంపెనీకి భయం సరిగ్గా అక్కడే.

కానీ చూడండి, విండోస్‌లో ఏమవుతోంది? కెర్నెల్ దాకా దిగిన కాపలా ఉన్న ఆటల్లోనూ మోసగాళ్లు ఉన్నారు. ఇంకో కంప్యూటర్ పక్కన పెట్టుకుని, పీసీఐ స్లాట్‌లో ఒక బోర్డు గుచ్చి, ఆట మెమరీని నేరుగా చదివేవాళ్లున్నారు. వాడి తెర మీద హ్యాక్ ఏదీ ఉండదు, అంతా పక్క మానిటర్ మీద. ఆ బోర్డుని పట్టుకోవడానికి ఇప్పుడు విండోస్ కంటే ముందే మేలుకునే బయోస్‌లో సెట్టింగులు మార్చమంటున్నారు. 2025లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 6 అయితే సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెట్టింగు) లేకపోతే మొదలే కాదు.

అసలు మందు సర్వర్ దగ్గర ఉంది. గోడ వెనక ఉన్న మనిషి ఎక్కడున్నాడో నా కంప్యూటర్‌కి చెప్పకపోతే, ఏ హ్యాక్ వేసి ఏం చూస్తాడు? వాలరెంట్ అనే షూటర్ ఆట చేసినవాళ్లకి ఇది బాగా తెలుసు, వాళ్ల సర్వర్ ఆ పని కొంతవరకు చేస్తుంది కూడా. అయినా కంప్యూటర్ ఆన్ అవగానే మేలుకునే వాన్‌గార్డ్ అనే కాపలాని 2020లో దానికి తోడు పెట్టారు. సర్వర్‌లో లెక్కలు ఎక్కువ వేయాలంటే వాళ్లకి ఖర్చు. నా కెర్నెల్‌లో కూర్చోవడానికి కరెంట్ బిల్లు నాది. సర్వర్ దగ్గర ఆ ఖర్చు పెట్టకుండా లినక్స్ వల్లే మోసాలు అంటే, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంటుంది. మద్దెల బాగానే ఉంది నాయనా.

కెర్నెల్ అంటే ఏమిటని మా బామ్మర్ది అడిగితే ఇలా చెప్పాను: గుడి బయట చెప్పులు పోతున్నాయి. నిజమే, బాధే. అందుకని దేవస్థానం వాళ్లు దర్శనానికి వచ్చే ప్రతివాడి ఇంటి తాళంచెవి తీసుకుని, బీరువాతో సహా ఎప్పుడు కావాలంటే అప్పుడు చూస్తామంటే? "మేం మంచివాళ్లమే, చెప్పుల కోసమే చూస్తాం" అంటారు. మంచివాళ్లే కావచ్చు. ఆ తాళంచెవి ఇంకొకడి చేతిలో పడితే? 2022లో అదే అయింది. గెన్షిన్ ఇంపాక్ట్ ఆటతో వచ్చే యాంటీ చీట్ డ్రైవర్‌ని పట్టుకుని ఫైళ్లకి తాళమేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దొంగలు యాంటీవైరస్‌ల పీక నొక్కేశారు. బాధితుడి కంప్యూటర్‌లో ఆ ఆట లేకపోయినా ఫరవాలేదు, దొంగలే ఆ డ్రైవర్‌ని వెంట తెచ్చుకున్నారు, దాని మీద విండోస్ నమ్మే డిజిటల్ సంతకం సరైనదే కదా. ఆటతో సంబంధం లేకపోయినా 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క చెడ్డ ఫైలు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని నీలం తెర దగ్గర నిలబెట్టింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కెర్నెల్‌లో చేయి పెట్టిన సాఫ్ట్‌వేర్ తప్పటడుగు వేస్తే అంతే.

ఇంత చెప్పి నేనూ ఒకసారి లొంగిపోయాను, దాచను. లాక్‌డౌన్‌లో మా గ్యాంగ్ మొత్తం ఒక ఐదుగురి షూటర్‌కి మారింది. పేరెందుకులెండి. ఆ ఆట లినక్స్‌లో రాదు. మొదటి రెండు శనివారాలు వాళ్లు ఆడుతుంటే నేను డిస్కార్డ్‌లో ఊరికే కూర్చుని విన్నాను. పెళ్లిలో భోజనాల దగ్గర నిలబడి చూస్తున్నట్టుంది. "ఒక్క విండోస్ వేసుకోవడానికి నీకేం నామోషీరా?" అన్నాడు డల్లాస్‌వాడు. మూడోవారం 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని విండోస్ వేశాను. రెండు నెలలు ఆడాను. ఆట బాగుంది, అబద్ధం ఎందుకు. కానీ అదే డబ్బాలో, పక్క డిస్క్‌లో, బ్యాంకు కాగితాలు, మా నాన్న పెన్షన్ స్కాన్లు, పాప ఆధార్. కాపలావాడు వాటిని చూశాడని నేననను. చూడగలడన్న ఆలోచనే చాలు నాకు. ఒకరోజు మ్యాచ్ మధ్యలో విండోస్ అప్‌డేట్‌కి రీస్టార్ట్ అయింది, వదిలేసి వెళ్లినందుకు నా మీద అరగంట నిషేధం పడింది. ఆ అరగంటలో స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ ఎస్‌ఎస్‌డీ పీకేశాను. ఇప్పుడది పాప సినిమాల డిస్క్.

మా లినక్స్ వాళ్లలోనూ ఒక జాతి ఉంది. "అలాంటి ఆటలు ఆడకపోతే చచ్చిపోతావా?" అంటారు. చావను. కానీ నేను ఆ ఆట కోసం వెళ్లలేదు, ఆ నలుగురి కోసం వెళ్లాను. ఇరవై ఏళ్ల స్నేహం, వారానికి మూడు గంటలు మిగిలింది. దాన్ని సిద్ధాంతం కోసం వదులుకోమనేవాడికి బహుశా స్నేహితులు ఎక్కువమంది లేరు.

హార్డ్‌వేర్ సంగతి. నాది రైజన్ 5 5600 ప్రాసెసర్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డ్, 32 జీబీ ర్యామ్. కార్డ్ 2023లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. "ఇంట్లో వాడిందే సార్, మైనింగ్ కాదు" అని షాపతను దేవుడి ఫోటో వైపు చూసి చెప్పాడు. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం అనే డిజిటల్ డబ్బు తవ్వే మైనింగ్ ఆగిపోయాక అలా ప్రమాణం చేసిన కార్డులు ఎన్ని అమ్ముడుపోయాయో. ఇంటికొచ్చి విప్పితే లోపల థర్మల్ పేస్ట్ ఎండిపోయిన గోరింటాకులా పెళుసుగా రాలింది. తుడిచి కొత్తది పూశాను, 82 డిగ్రీలు ఉండేది 68కి దిగింది. మే నెలలో, కూకట్‌పల్లిలో, ఏసీ లేని గదిలో. 132 వాట్ల కార్డ్ కాబట్టి కరెంట్ పోతే నా యూపీఎస్ పది నిమిషాలు లాగుతుంది, రౌండ్ పూర్తిచేసుకుని మర్యాదగా సెలవు తీసుకోవచ్చు. కార్డ్ కొనేటప్పుడు ఇది చూడాలని ఏ రివ్యూ చేసేవాడూ చెప్పడు.

ఏఎండీనే ఎందుకంటే దాని డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసేది ఏదీ లేదు, కార్డ్ గుచ్చడమే. ఎన్వీడియా కూడా 2022 నుంచి తన కెర్నెల్ మాడ్యూళ్లు తెరిచింది, ఇప్పుడు మునుపటంత నరకం లేదంటున్నారు, నమ్ముతాను. కానీ ఏఎండీతోనూ ఒక ముల్లు ఉంది. టీవీకి కలిపి 4కే, 120 హెర్ట్జ్‌లో ఆడదామంటే హెచ్‌డీఎమ్‌ఐ 2.1 కావాలి. ఏఎండీ ఇంజనీర్లు ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో దానికి కోడ్ రాసుకున్నారు కూడా. ఆ ప్రమాణాన్ని తన చేతిలో పెట్టుకున్న హెచ్‌డీఎమ్‌ఐ ఫోరమ్ కుదరదంది, ఈ సంగతి 2024 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. వైరు నాది, టీవీ నాది, కార్డ్ నాది, భాష మాత్రం వాళ్లది. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ కొనుక్కోండి, గొడవ వదిలిపోతుంది.

కీబోర్డుల సంగతి అడక్కండి. నేను కొన్న దానికి రంగుల లైట్లున్నాయి, అవి ఆర్పాలంటే కంపెనీ విండోస్ సాఫ్ట్‌వేర్ కావాలి. లైటు ఆర్పడానికి! నెల రోజులు రాత్రిళ్లు మా గది పెళ్లివారి ఇల్లులా మెరిసింది. మా ఆవిడ నా మీద దుప్పటి కప్పలేదు కానీ కీబోర్డ్ మీద కప్పింది. చివరికి ఓపెన్‌ఆర్‌జీబీ అనే ప్రోగ్రామ్ దొరికింది, ఎవరో పుణ్యాత్ములు ఖాళీ సమయంలో రాసిపెట్టారు. ఒక్క క్లిక్, చీకటి.

వాల్వ్ చేసిన, చేతిలో పట్టుకుని ఆడే లినక్స్ మెషీన్ స్టీమ్ డెక్ కొనమని చాలామంది అంటారు. 2022 ఫిబ్రవరిలో వచ్చింది, లినక్స్ గేమింగ్‌కి అంతకంటే మేలు చేసిన వస్తువు లేదు. వాల్వ్ దాన్ని మన దేశంలో నేరుగా అమ్మడం మొదలుపెట్టలేదు. గ్రే మార్కెట్‌లో వారంటీ లేకుండా ఆ ధర పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

వాల్వ్‌ని తెగ పొగుడుతున్నానని అనుకునేరు. వాళ్లేమీ ధర్మసత్రం నడపట్లేదు. 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత స్టోర్ వచ్చేసరికి తమ దుకాణం మూతపడుతుందన్న భయంతోనే లినక్స్ వైపు చూశారు. తుపాకీకి రంగులేసి పెట్టెలో పెట్టి, తాళంచెవి విడిగా అమ్మే జూదం 2013లో కౌంటర్ స్ట్రైక్‌లోకి తెచ్చింది వాళ్లే. 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చినప్పుడు మ్యాక్ వాళ్లని నిర్దాక్షిణ్యంగా వదిలేశారు. రేపు లెక్క మారితే మమ్మల్నీ వదిలేస్తారు. అయితే వాళ్లు రాయించిన కోడ్ చాలావరకు తెరిచి ఉంది, అది ఎక్కడికీ పోదు. నా ధైర్యం అంతే.

పోవడం అంటే గుర్తొచ్చింది. ది క్రూ అనే రేసింగ్ ఆట, 2014ది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా నడుపుకునే భాగం కూడా సర్వర్ లేకపోతే తెరుచుకోదు కాబట్టి డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతిలో డిస్క్ మిగిలింది, ఆట మిగల్లేదు. దాని మీద రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన ఉద్యమం యూరప్‌లో 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటింది. అడిగేది పెద్ద కోరికేమీ కాదు: మూసేసేటప్పుడు ఆట నడిచేలా వదిలి వెళ్లండి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అని చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదని చట్టం వచ్చింది. ఆ చట్టం అమల్లోకి రాకముందే స్టీమ్ కార్ట్‌లో ఆ ముక్క పెట్టేసింది. కనీసం నిజం చెప్పారు. మన దగ్గర కొత్త చీర కొంటే రెండేళ్ల తర్వాత షాపువాడు వచ్చి బీరువాలోంచి పట్టుకుపోడు.

పటమట నెట్ సెంటర్‌లో సర్వర్ ఓనర్ అన్న సొంతం కాబట్టే మొట్టికాయ హక్కూ అన్నకి ఉంది. కంపెనీలు సర్వర్లని మన చేతుల్లోంచి తీసుకున్నాయి. అన్నని తీసేశాయి. ముక్కూమొహం తెలియని తొమ్మిదిమందితో కలిపి ఆడిస్తున్నాయి. అప్పుడు మోసగాణ్ని పట్టుకోవడానికి కెర్నెల్‌లోకి దిగక తప్పలేదు. నాకు ఈ వరస అలాగే కనిపిస్తుంది.

అందుకే మా గ్యాంగ్ ఇప్పుడు వారం వారం పంచుకుంది. ఒక శనివారం వాళ్ల షూటర్, నాకు సెలవు. ఇంకో శనివారం నా లెక్క: డీప్ రాక్ గెలాక్టిక్, లేకపోతే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, లేకపోతే కౌంటర్ స్ట్రైక్. ఇవి కాక వాల్‌హైమ్ ఉంది, అడవిలో కట్టెలు కొట్టి ఇళ్లు కట్టుకునే ఆట. దానికి లినక్స్ వెర్షన్ ఉంది, సర్వర్ ప్రోగ్రామ్ కూడా ఉచితంగా ఇస్తారు. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్, మూత విరిగింది, బ్యాటరీ చచ్చింది, బీరువా మీద పెట్టాను. రెండేళ్లుగా అదే మా ఊరు. డల్లాస్‌వాడికి పింగ్, అంటే సర్వర్ దాకా కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం, 250 మిల్లీసెకన్లు దాటుతుంది, అయినా గొర్రెలు కాసినంత తీరిగ్గా కట్టెలు కొడుతుంటాడు.

మా పాపకి పదేళ్లు. ఆ ఊళ్లో తనకి ఏటి ఒడ్డున రెండంతస్తుల ఇల్లుంది, మూడు వారాలు కట్టింది. ఎవర్నైనా ఆటలోంచి పంపేసే హక్కున్న అడ్మిన్ల నంబర్లుండే ఫైల్లో నా నంబర్ కింద తన నంబరూ చేర్చాను, అడిగిందని. పోయిన నెల డల్లాస్‌వాడు సరదాకి సుత్తి పట్టుకుని తన ఇంటి గోడ ఒకటి పీకేశాడు. డిస్కార్డ్‌లో పకపకా నవ్వుతున్నాడు. పాప ఏమీ అనలేదు. ఎఫ్5 నొక్కింది, ఆజ్ఞలిచ్చే కన్సోల్‌లో బయటికి పంపే ఆజ్ఞ, దాని పక్కన అంకుల్ పేరు అక్షరం అక్షరం కొట్టింది, ఎంటర్.

"రేయ్, నాకు డిస్‌కనెక్ట్ అయిందేంట్రా? మీ నెట్ పోయిందా?"

"నెట్ బాగానే ఉంది అంకుల్," అంది పాప. "గోడ కడతానంటే మళ్లీ రానిస్తాను."